‘ఫ్యామిలీ ఈజ్’ అనాలా, ‘ఫ్యామిలీ ఆర్’ అనాలా?

నల్లగొండలో సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఇంగ్లీషు వ్యాకరణం చెబుతుంటాను. ఒక మాఘమాసంలో మా తరగతి అమ్మాయి తన సెలవు చీటీ తెచ్చి చూపించింది. ఇంటిల్లిపాదీ చెర్వుగట్టు జాతరకు వెళ్తున్నారు, మూడు రోజులు బడికి రాదు, అదీ విషయం. చీటీలో ‘మై ఫ్యామిలీ’ అన్న మాట తర్వాత కాగితం గరుకుగా ఉంది. ముందు ‘ఈజ్’ రాసింది, రబ్బరుతో చెరిపి ‘ఆర్’ రాసింది, అదీ చెరిపి మళ్లీ ‘ఈజ్’ రాసింది. వెలుతురుకు ఎత్తి చూస్తే ఆ ఒక్కచోట కాగితం పలచబడి, వెనక నా వేలి నీడ కనిపించింది. “సార్, మేము ఐదుగురం వెళ్తున్నాం కదా, మరి ఈజ్ ఎలా అవుతుంది?” అని అడిగింది.

ఆ సందేహం తెలివైన సందేహం. ఐదుగురిని ఒక్క మాటలో కట్టిపెడితే క్రియ ఆ ఒక్క మాట వైపు చూడాలా, లోపలున్న ఐదుగురి వైపు చూడాలా? ఫ్యామిలీ, టీమ్, కమిటీ, క్రౌడ్, స్టాఫ్ వంటి సమూహ నామవాచకాలన్నింటితోనూ వచ్చే చిక్కు ఇదే. దీన్ని విడదీయడానికి కావలసిన ఒడుపు మీ తెలుగులోనే ఉంది. ఆ అమ్మాయికి చెప్పిన వరుసలోనే మీకూ చెబుతాను. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి.

మొదట, సందేహం ఎక్కడ పుడుతుందో గుర్తించండి

తెలుగులో క్రియ దాదాపు ఏ కాలంలోనైనా కర్తను బట్టి మారుతుంది. జట్టు గెలిచింది, ఆటగాళ్లు గెలిచారు. జట్టు గెలుస్తుంది, ఆటగాళ్లు గెలుస్తారు. ఇంగ్లీషులో అంత శ్రమ లేదు. భూతకాలంలో ‘వన్’, ‘కేమ్’, ‘వెంట్’ ఎవరికైనా ఒక్కటే. ‘విల్’, ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’, ‘షల్’ కూడా మారవు. ‘ది టీమ్ వన్ ది మ్యాచ్’, ‘ది ఫ్యామిలీ విల్ కమ్ టుమారో’ అని రాసేటప్పుడు మీరు ఆలోచించాల్సిన పనే లేదు.

ఆలోచించాల్సిన చోట్లు కొన్నే: ఈజ్ లేదా ఆర్, వాజ్ లేదా వర్, హ్యాజ్ లేదా హ్యావ్, డజ్ లేదా డూ, ఇక వర్తమానంలో క్రియ చివర చేరే ఎస్. ఈ ఎస్ దగ్గర మన పిల్లలు చాలామంది తడబడతారు. నామవాచకం చివర ఎస్ వస్తే బహువచనం, క్రియ చివర ఎస్ వస్తే ఏకవచనం. ‘ది బాయ్ ప్లేస్’, ‘ది బాయ్స్ ప్లే’. సాధారణమైన మాటల్లో ఎస్ ఇటు ఉంటే అటు ఉండదు. టీమ్, ఫ్యామిలీ వంటి మాటలకు చివర ఎస్ లేదు కాబట్టి కన్ను ‘ఒకటి’ అంటుంది, లోపల మనుషులున్నారు కాబట్టి మనసు ‘చాలామంది’ అంటుంది. చిక్కంతా ఇందులోనే ఉంది.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. ఒక్కరి గురించి రాస్తూ కూడా ‘మై ఫాదర్ హ్యావ్ కమ్’ అని రాసిన నోటుపుస్తకాలు చూశాను. ఆ పిల్లలకు వ్యాకరణం రాక కాదు, నాన్నగారు వచ్చారు, సర్పంచ్ గారు వచ్చారు అనే నాలుక అలవాటు అలా రాయించింది. మర్యాద కోసం మనం ఒక్కరికీ బహువచనం వాడతాం. ఇంగ్లీషు క్రియలో ఆ మర్యాదకు చోటు లేదు. ఎంత పెద్దవారైనా ఒక్కరైతే హ్యాజ్.

తర్వాత, మాటలను మూడు కుప్పలుగా పోయండి

మొదటి కుప్పలో మూడే మాటలు పెట్టుకోండి: పోలీస్, పీపుల్, క్యాటిల్. చివర ఎస్ లేకపోయినా ఇవి బహువచనాలే. మీ తెలుగు చెవి ఇక్కడ మోసం చేయదు. పోలీసులు వచ్చారు, ప్రజలు అడుగుతున్నారు, పశువులు మేస్తున్నాయి. అలాగే ‘ది పోలీస్ హ్యావ్ కమ్’, ‘పీపుల్ ఆర్ ఆస్కింగ్’, ‘ది క్యాటిల్ ఆర్ గ్రేజింగ్’. ‘ది పోలీస్ హ్యాజ్ అరెస్టెడ్’ అన్న వాక్యం మన చుట్టూ తరచూ కనిపిస్తుంది, మీరు మాత్రం రాయకండి. ఒక్క కానిస్టేబుల్ గురించి చెప్పాలంటే ‘ఎ పోలీస్ ఆఫీసర్’ అనండి. పశువులను లెక్కపెట్టి చెప్పాలంటే ‘ట్వెంటీ హెడ్ ఆఫ్ క్యాటిల్’ అంటారు, ఆ ‘హెడ్’కు ఎస్ చేర్చరు.

పీపుల్ అన్న మాటకు రెండో అర్థం ఒకటుంది. ఒక జాతి, ఒక తెగ అని చెప్పేటప్పుడు అది ఏకవచనంగానూ నిలుస్తుంది. ‘ది చెంచూస్ ఆర్ ఎ పీపుల్ ఆఫ్ ది నల్లమల ఫారెస్ట్’ అన్నది తప్పులేని వాక్యం. అలాంటి జాతులు అనేకమైతే అప్పుడు ‘పీపుల్స్’.

రెండో కుప్పలోవి లెక్కపెట్టడానికి లొంగని మాటలు: ఫర్నిచర్, లగేజ్, జ్యువెలరీ, మెషినరీ, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, న్యూస్. వీటికి ఎప్పుడూ ఏకవచన క్రియే. నిజానికి ఇవి సమూహ నామవాచకాల లెక్కలోకి రావు, అయినా ఇక్కడ చెప్పకపోతే మీరు దెబ్బతింటారు. ఎందుకంటే మన చెవి దారి తప్పించేది ఈ కుప్పలోనే. నగలు ఉన్నాయి, వార్తలు వస్తున్నాయి, సామాన్లు దిగాయి అనుకుంటూ ఇంగ్లీషులోకి వెళ్తే ‘జ్యువెలరీ ఆర్’, ‘న్యూస్ ఆర్’ అని చేయి రాసేస్తుంది. న్యూస్ చివర ఎస్ ఉన్నా సరే, ‘ది న్యూస్ ఈజ్ గుడ్’.

మూడో కుప్ప పెద్దది: ఫ్యామిలీ, టీమ్, కమిటీ, క్రౌడ్, స్టాఫ్, క్లాస్, ఆడియన్స్, గవర్నమెంట్, గ్యాంగ్, గ్రూప్, ఆర్మీ, జ్యూరీ. ఇవి రెండు వైపులకూ తిరుగుతాయి. మిగిలిన పాఠమంతా వీటి కోసమే.

‘ఎవరికి వారు’ అని చేర్చి చూడండి

జనం అన్న మాటను ఒక్కసారి తీరికగా చూడండి. రూపంలో అది ఏకవచనం, చివర ‘లు’ లేదు. అయినా ‘జాతరకు జనం బాగా వచ్చారు’ అంటాం. గుంపు అన్నా జనమే, కానీ ‘గుంపు వచ్చింది’ అంటాం, ‘గుంపు వచ్చారు’ అనం. జట్టు ఓడింది, కమిటీ తేల్చింది, స్టాఫ్ వచ్చారు. ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే మీకు వచ్చాయి. మాట రూపాన్ని పక్కనపెట్టి, దాని లోపల మనుషులు కనిపిస్తున్నారా, లేక అంతా ఒక్క ముద్దగా కనిపిస్తోందా అని చూసి క్రియను వేయడం మీకు చిన్నప్పటి నుంచే తెలుసు. ఇంగ్లీషు మీ నుంచి కోరేది ఆ చూపునే.

దాన్ని పరీక్షగా మార్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీరు రాయబోయే వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. అందులో ‘ఎవరికి వారు’ లేదా ‘ఎవరి పని వాళ్లు’ అన్న మాట చక్కగా ఇమిడితే బహువచన క్రియ వాడవచ్చు. ‘అంతా ఒక్కటిగా’ అన్నది ఇమిడితే ఏకవచనం.

పాలమూరు కూలీల సంగతే తీసుకోండి. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి మేస్త్రీ వెంట గుంపుగా కదిలి, దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టల పనులకు, కాలువల పనులకు వెళ్లినవాళ్లు. వాళ్ల పేరు మీదే ‘పాలమూరు లేబర్’ అన్న మాట నిలిచింది. ఆ గుంపు మొత్తం ఒక మేస్త్రీ కింద పనిచేస్తుంది. ఇక్కడ ‘అంతా ఒక్కటిగా’ అన్నది కుదిరింది, కాబట్టి ‘ది గ్యాంగ్ వర్క్స్ అండర్ ఎ మేస్త్రీ’. నెలాఖరున వాళ్లు కూలి డబ్బు ఇళ్లకు పంపుతారు. ఎవరి ఇంటికి వాళ్లు పంపుతారు, అందరిదీ కలిపి ఒక్క ఇంటికి కాదు. కాబట్టి ‘ది గ్యాంగ్ ఆర్ సెండింగ్ దెయిర్ వేజెస్ హోమ్’. గుంపు అదే, మనుషులు అదే, మారింది మీ చూపు.

ఇప్పుడు బడి మైదానంలోని కబడ్డీ జట్టు. మొదటి మ్యాచ్ గెలిచింది. గెలుపు అందరిదీ, విడదీయలేం: ‘ది టీమ్ హ్యాజ్ వన్ ఇట్స్ ఫస్ట్ మ్యాచ్’. మ్యాచ్ అయ్యాక బోరు దగ్గర ఎవరి జెర్సీ వాళ్లు ఉతుక్కుంటున్నారు: ‘ది టీమ్ ఆర్ వాషింగ్ దెయిర్ జెర్సీస్’.

వ్యాకరణ పాఠాల్లో దీనికి ఉదాహరణగా జ్యూరీ, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే సామాన్యుల బృందం, తప్పకుండా కనిపిస్తుంది. జ్యూరీలో అభిప్రాయభేదం వచ్చిందంటే ‘వర్ డివైడెడ్’, ఏకగ్రీవంగా తీర్పు చెప్పిందంటే ‘వాజ్ యునానిమస్’. ఉదాహరణ మంచిదే గాని, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యూరీ విచారణను వదిలేసింది. మన పిల్లలు జ్యూరీని చూసి ఎరగరు. చూడని దానితో పాఠం నాటుకోదు. అందుకే నేను గ్రామసభ చెబుతాను. గ్రామసభ ఫలానా తేదీన జరుగుతుంది, అది ఒక్కటే సభ: ‘ది గ్రామసభ మీట్స్ ఆన్ మండే’. నీళ్ల ట్యాంకు ఏ వాడలో కట్టాలన్న మాట వచ్చింది, ఎవరి వాడ కోసం వాళ్లు లేచి నిలబడ్డారు: ‘ది గ్రామసభ ఆర్ ఆర్గ్యుయింగ్ అమాంగ్ దెమ్‌సెల్వ్స్’. గ్రామసభకు ఒక్కసారైనా వెళ్లినవాళ్లకు ఈ రెండో వాక్యాన్ని వివరించనక్కరలేదు.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. డబ్బు, దూరం, కాలం దగ్గర తెలుగు చెవిని నమ్మకండి. ‘ఐదు వందలు సరిపోవు’ అని మనం బహువచనం వాడతాం. ఇంగ్లీషు ఆ మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తుంది: ‘ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఈజ్ నాట్ ఇనఫ్’. ‘ట్వెంటీ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్’ కూడా అంతే.

ఎవరి కోసం రాస్తున్నారో చూసుకోండి

ఇంతవరకు చెప్పింది బ్రిటిష్ పద్ధతి. బ్రిటన్‌లో ‘ది గవర్నమెంట్ ఈజ్’, ‘ది గవర్నమెంట్ ఆర్’ రెండూ చెల్లుతాయి. ‘ది స్టాఫ్ ఆర్’ అనడం అక్కడ మామూలు. అమెరికాలో మాత్రం దాదాపు ప్రతిసారీ ఏకవచనమే: ‘ది టీమ్ ఈజ్’, ‘ది స్టాఫ్ ఈజ్’, ‘ది ఫ్యామిలీ ఈజ్’. అమెరికా కంపెనీలో ఉద్యోగానికి ఉత్తరం రాస్తున్నా, అక్కడి విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడుతున్నా మూడో కుప్పలోని మాటలన్నింటికీ ఏకవచన క్రియ వాడండి, నిశ్చింతగా ఉంటుంది.

రెండు పద్ధతులూ మన చెవిన పడుతూనే ఉంటాయి. క్రికెట్ వ్యాఖ్యానంలో ‘ఇండియా హ్యావ్ వన్ ది టాస్’ అంటారు. అక్కడ ఇండియా అంటే పదకొండు మంది ఆటగాళ్లు. వార్తల్లో ‘ఇండియా హ్యాజ్ లాంచ్డ్ ఎ శాటిలైట్’ అంటారు. ఇక్కడ ఇండియా అంటే ఒక దేశం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెబితే, రోజంతా క్రికెట్ చూసే పిల్లలు ఈ పాఠాన్ని ఒక్క నిమిషంలో పట్టుకుంటారు.

దేశం పేరే బహువచనం నుంచి ఏకవచనానికి జరిగిన సందర్భమూ ఉంది. అమెరికా రాజ్యాంగంలో దేశద్రోహాన్ని నిర్వచించే చోట యునైటెడ్ స్టేట్స్‌ను ‘దెమ్’, ‘దెయిర్ ఎనిమీస్’ అని బహువచనంలో ప్రస్తావించారు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలోనూ ‘దెయిర్ జ్యూరిస్‌డిక్షన్’ అనే ఉంది. అప్పటికి అవి కలిసి ఉన్న రాష్ట్రాలు. ఇప్పుడు చివర ఎస్ ఉన్నా ‘ది యునైటెడ్ స్టేట్స్ ఈజ్’ అనే రాస్తారు. రాష్ట్రాలు వేరువేరుగా కాక ఒకే దేశంగా కనిపించడం స్థిరపడ్డాక క్రియ కూడా ఆ చూపు వెంటే నడిచింది.

పోటీ పరీక్షల్లో తప్పు గుర్తించే ప్రశ్న వస్తే వాక్యంలోని మిగతా మాటలను వెతకండి, సూచన అక్కడే ఉంటుంది. ‘ఇట్స్’, ‘యునానిమస్’ కనిపిస్తే ఏకవచనం. ‘దెయిర్’, ‘దెమ్‌సెల్వ్స్’, ‘డివైడెడ్’, ‘ఒపీనియన్స్’ కనిపిస్తే బహువచనం. ఏ సూచనా లేకపోతే ఏకవచనమే సురక్షితం.

ఎంచుకున్న దారిలోనే వాక్యం చివరిదాకా నడవండి

తప్పు చాలాసార్లు క్రియలో ఉండదు, క్రియకూ దాని వెనక వచ్చే సర్వనామానికీ మధ్య ఉంటుంది. ‘ది కమిటీ హ్యాజ్ సబ్మిటెడ్ దెయిర్ రిపోర్ట్’ అని రాస్తే మొదట కమిటీని ఒకటిగా చూసి, నాలుగు మాటలు తిరగకముందే విడదీసినట్టయింది. మాటల్లో ఇది దొర్లిపోతుంది గాని, రాతలో, ముఖ్యంగా పరీక్షలో, తప్పుగా లెక్కిస్తారు. హ్యాజ్ వాడితే ఇట్స్, హ్యావ్ వాడితే దెయిర్. ‘ది టీమ్ విచ్ హ్యాజ్ వన్’, ‘ది టీమ్ హూ హ్యావ్ వన్’ కూడా ఇలాగే జంటలు. రాయడం పూర్తయ్యాక క్రియ కింద ఒక గీత, సర్వనామం కింద ఒక గీత గీసి రెండూ ఒకే వైపు ఉన్నాయో లేదో చూడండి. పెన్సిలు పెట్టుకోమన్నది ఇందుకే.

బహువచనం సరైనదే అయినా చెవికి ఎబ్బెట్టుగా తోస్తే ‘మెంబర్స్’ చేర్చి బయటపడవచ్చు. మహిళా సంఘం తరఫున బ్యాంకుకు ఉత్తరం రాసే అక్కలకు నేను ఇదే చెబుతాను. ఖాతా తెరిచింది సంఘం: ‘అవర్ గ్రూప్ హ్యాజ్ ఓపెన్డ్ యాన్ అకౌంట్’. వాయిదాలు ఎవరివి వాళ్లు కడుతున్నారు: ‘ది మెంబర్స్ ఆఫ్ అవర్ గ్రూప్ ఆర్ రీపేయింగ్ దెయిర్ లోన్స్’. రెండో దానిలో ‘మెంబర్స్’కు ఎస్ ఉంది కాబట్టి చదివేవాళ్లకు ఏ సందేహమూ రాదు.

‘ఆఫ్’ కనిపిస్తే ఆగండి

దేవరకొండ రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వస్తే బస్సు ఆగుతుంది. అప్పుడు మనం ‘గొర్రెల మంద దాటుతోంది’ అంటాం. గొర్రెలు వందున్నా క్రియ మందను చూసింది. ఇంగ్లీషులోనూ అంతే: ‘ఎ ఫ్లాక్ ఆఫ్ షీప్ ఈజ్ క్రాసింగ్ ది రోడ్’. ‘ఎ బంచ్ ఆఫ్ కీస్ ఈజ్ ఆన్ ది టేబుల్’, ‘ఎ పెయిర్ ఆఫ్ షూస్ ఈజ్ మిస్సింగ్’. ఆఫ్ తర్వాత వచ్చే బహువచనం క్రియకు మరీ దగ్గరగా ఉండి లాగుతుంది. లొంగకుండా ఆఫ్‌కు ముందున్న మాటను చూడండి.

దీనికి ఎదురు తిరిగేది ‘నంబర్’. ‘ఎ నంబర్ ఆఫ్’ అంటే అనేకం, కాబట్టి బహువచనం. ‘ది నంబర్ ఆఫ్’ అంటే సంఖ్య, అది ఒక్కటే. మన బత్తాయి తోటల మీద రెండు వాక్యాలు రాసుకుంటే ఇది మరిచిపోరు. ‘ఎ నంబర్ ఆఫ్ గార్డెన్స్ హ్యావ్ డ్రైడ్ అప్’: చాలా తోటలు ఎండిపోయాయి. ‘ది నంబర్ ఆఫ్ బోర్‌వెల్స్ హ్యాజ్ ఇంక్రీజ్డ్’: బోర్ల సంఖ్య పెరిగింది. ఇక్కడ తెలుగు అనువాదమే జవాబు చెప్పేస్తోంది, తోటలు ఎండిపోయాయి, సంఖ్య పెరిగింది. ‘ఎ లాట్ ఆఫ్’ వస్తే మాత్రం ఆఫ్ తర్వాతి మాటే చూడాలి: ‘ఎ లాట్ ఆఫ్ వాటర్ ఈజ్’, ‘ఎ లాట్ ఆఫ్ పీపుల్ ఆర్’.

ఇప్పుడు మీరు రాయండి

కింది తెలుగు వాక్యాలను ఇంగ్లీషులో రాయండి. జవాబులు తర్వాత ఉన్నాయి, ముందే చూడకండి.

1. గద్వాలలో చేనేత సంఘం నూలు కొంటుంది.
2. పోలీసులు ఊళ్లోకి వచ్చారు.
3. పెళ్లివారి నగలు బీరువాలో ఉన్నాయి.
4. మా తరగతి వాళ్లు ఎవరి టిఫిన్ డబ్బా వాళ్లు తెరుస్తున్నారు.
5. పెద్దగట్టు జాతరలో జనం పెరుగుతున్నారు.

మొదటిది ‘ది వీవర్స్ సొసైటీ ఇన్ గద్వాల్ బైస్ యార్న్’. కొనేది సంఘం, అందుకే ‘బైస్’కు ఎస్ వచ్చింది. ‘వీవర్స్’లోని ఎస్ చూసి కంగారు పడకండి, కర్త సొసైటీ. రెండోది ‘ది పోలీస్ హ్యావ్ కమ్ ఇన్‌టు ది విలేజ్’. మూడోదానిలో ‘జ్యువెలరీ ఈజ్’. నాలుగోదానిలో ‘ఎవరి డబ్బా వాళ్లు’ అని వాక్యంలోనే ఉంది కాబట్టి ‘ది క్లాస్ ఆర్ ఓపెనింగ్ దెయిర్ టిఫిన్ బాక్సెస్’.

ఐదోదాని దగ్గర మా తరగతిలో సగం మంది ‘క్రౌడ్ ఆర్ గ్రోయింగ్’ అని రాశారు. జనం పెరుగుతున్నారు అన్న తెలుగు క్రియ వాళ్లను అటు లాగింది. ఎవరికి వారు అని చేర్చి చూడండి: జనం ఎవరికి వారు పెరుగుతున్నారు అంటే ఒక్కొక్కరూ పొడవు అవుతున్నారన్న అర్థం వస్తుంది. పెరుగుతున్నది గుంపు పరిమాణం. కాబట్టి ‘ది క్రౌడ్ ఈజ్ గ్రోయింగ్’. అదే జనం తలపాగాలు ఊపుతూ దేవుడికి మొక్కుతుంటే ‘ది క్రౌడ్ ఆర్ వేవింగ్ దెయిర్ టర్బన్స్’ అనవచ్చు, ఎవరి తలపాగా వాళ్లదే కదా.